'సాంగ్విన్' లాంటి మాట తగిలినప్పుడు ఏ డిక్షనరీ తెరవాలి?

ఇంగ్లీషు పేపర్లో బిజినెస్ పేజీ, ఎడిటోరియల్ పేజీ చదివేవాళ్లకు 'సాంగ్విన్' అనే మాట ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ఎస్, ఏ, ఎన్, జి, యు, ఐ, ఎన్, ఇ. వచ్చే ఏడాది లాభాల మీద అనలిస్టులు అంత సాంగ్విన్‌గా లేరనో, ధరలు దిగొస్తాయని ప్రభుత్వం సాంగ్విన్‌గా ఉందనో రాస్తారు. రోజువారీ మాటల్లో ఇది దాదాపు వినపడదు. అందుకని చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఏదో ఊహించుకుని ముందుకెళ్లిపోతాం. ఈ మాట దగ్గర ఆ ఊహ తప్పే అవకాశం ఎక్కువ. దీని పుట్టుక చూస్తే నెత్తురు, వాడుక చూస్తే ఆశ.

ఇలాంటి మాటకు అర్థం వెతకడానికి ఇవాళ మన చేతిలో చాలా ఉన్నాయి. ఫోన్లో ట్రాన్స్‌లేట్ యాప్, ఇంట్లో అల్మారాలో ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ, నెట్‌లో ఆంధ్రభారతి, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, కేంబ్రిడ్జ్, కాలిన్స్, మెరియం-వెబ్‌స్టర్, ఈమధ్య ఏఐ చాట్‌బాట్లు. వీటిలో ఏది మంచిదని పిల్లలూ అడుగుతారు, పెద్దలూ అడుగుతారు. ఒక్కోటి ఒక్కో పనికి తయారైంది కాబట్టి ఈ ఒక్క మాటనే పట్టుకుని అన్నిటినీ పోల్చి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదట లెర్నర్స్ డిక్షనరీ, పాత పుస్తకం చదువుతుంటే పెద్ద డిక్షనరీ, తెలుగు మాట కావాలంటే ఆఖరున ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ చూడాలి. మనలో చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా మొదలుపెడతాం.

ముందు మాట సంగతి

లాటిన్‌లో 'సాంగ్విస్' అంటే నెత్తురు. పాతకాలం యూరప్ వైద్యంలో మనిషి ఒంట్లో నాలుగు రసాలుంటాయని నమ్మేవారు: నెత్తురు, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. గ్రీకు వైద్యులు హిప్పోక్రటీస్, గేలెన్‌ల పేర్లతో నడిచిన సిద్ధాంతం ఇది. నెత్తురు పాలు ఎక్కువున్న మనిషి ముఖం ఎర్రగా కళకళలాడుతూ ఉంటుందని, అతను హుషారుగా, దేనికీ బెదరకుండా ఉంటాడని అనుకునేవారు. అలా 'నెత్తుటి' అన్న అర్థం నుంచి 'ఎర్రటి ముఖం', దాన్నుంచి 'హుషారైన స్వభావం', చివరికి 'జరగబోయేది మంచే అన్న నమ్మకం' అనే అర్థం వచ్చాయి. ఇవాళ పేపర్లో కనిపించేది ఈ చివరిదే.

ఈ వైద్యం మనకు దూరమైనదేమీ కాదు. గ్రీకుల నుంచి అరబ్బుల చేతుల మీదుగా ఇదే యునానీగా మన దేశానికి వచ్చింది. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనున్న నిజామియా ఆస్పత్రి యునానీదే. యునానీలో మనిషి స్వభావాన్ని మిజాజ్ అంటారు. నాలుగు మిజాజ్‌లలో నెత్తురు ప్రధానమైనది 'దమవీ', అరబీలో దమ్ అంటే నెత్తురు. సాంగ్విన్‌కు, దమవీకి ఉన్నది ఒకే తాత.

అదే వేరు నుంచి వచ్చిన ఇంకో మాట మన ఆస్పత్రుల్లో రోజూ నలుగుతుంది. కాన్పు కోసం వెళ్లినా, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లినా 'మేనరికమా?' అని అడిగి కేస్ షీట్‌లో 'కన్‌సాంగ్వినియస్ మ్యారేజ్' అని రాస్తారు. ఒకే నెత్తురు పంచుకున్నవాళ్ల పెళ్లి అని దాని భావం. మేనమామను చేసుకుంటే సెకండ్ డిగ్రీ, మేనబావను చేసుకుంటే థర్డ్ డిగ్రీ అని కూడా రాస్తారు. ఇంత పెద్ద మాట మన ఇళ్లలో కాగితాల మీద ఉండి కూడా, సాంగ్విన్‌కు చుట్టమని చాలామందికి తట్టదు.

ట్రాన్స్‌లేట్ యాప్

చేతిలో ఉంటుంది, అర సెకనులో చెబుతుంది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు 2011లో వచ్చింది. అప్పటితో పోలిస్తే ఇప్పుడు చాలా మెరుగైంది. మెసేజ్‌లో ఏముందో, బోర్డు మీద ఏం రాశారో తెలుసుకోవడానికి దీన్ని మించింది లేదు.

అరుదైన మాట ఒక్కదాన్ని తీసుకెళ్లి పెట్టినప్పుడే చిక్కు. రెండు మూడు అర్థాలున్న మాటలో మీకు కావలసింది ఏదో దానికి తెలియదు. అందుకని ఒక్క మాట కాకుండా, ఆ మాట ఉన్న వాక్యం మొత్తం పెట్టండి. పైనా కిందా ఇంకో వాక్యం కలిపితే ఇంకా మంచిది. అప్పుడు 'నెత్తుటి రంగు' అనే తిప్పలు తప్పుతాయి.

అప్పుడు కూడా ఇంకో తేడా మిగిలిపోతుంది. 'సాంగ్విన్' దగ్గర 'ఆశాజనకం', 'ఆశావహం' లాంటి మాటలు వాడేయడం అనువాదాల్లో మామూలు. ఆశాజనకం అనేది పరిస్థితికి చెప్పే మాట. పంటలు ఆశాజనకంగా ఉన్నాయి, ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి అంటాం. సాంగ్విన్ అనేది మనిషి మనసుకు చెప్పే మాట. 'డైరెక్టర్లు ఆశాజనకంగా లేరు' అని తెలుగులో రాస్తే, డైరెక్టర్ల మీద మనకు ఆశ లేదన్నట్టు వినపడుతుంది. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, వార్త అర్థమే మారిపోతుంది.

లెర్నర్స్ డిక్షనరీలు

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే, ఎందుకంటే మన దగ్గర వీటిని తక్కువ అంచనా వేస్తారు. 'లెర్నర్స్' అన్న మాట చూసి చిన్నపిల్లలకని అనుకుంటారు. ఇవి ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల కోసం, అంటే అచ్చంగా మన కోసం తయారైనవి. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ మొదటిరూపం 1942లో జపాన్‌లో అచ్చయింది. అక్కడ ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఎ. ఎస్. హార్న్‌బీ తన విద్యార్థులకు ఎక్కడ చిక్కొస్తుందో దగ్గరగా చూసి, తోటివాళ్లతో కలిసి దాన్ని చేశాడు. ఆ తర్వాత 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని తమ పేరుతో వేశారు.

వీటి గొప్ప సుగుణం, అర్థం చెప్పడానికి వాడే మాటల మీద హద్దు పెట్టుకోవడం. లాంగ్‌మన్ 1978లో తెచ్చిన డిక్షనరీలో సుమారు 2,000 తేలిక మాటలతోనే అర్థాలన్నీ చెప్పారు. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్‌లో ఆ లెక్క సుమారు 3,000. కాబట్టి ఒక కష్టమైన మాట కోసం వెళ్లి ఇంకో కష్టమైన మాట దగ్గర ఇరుక్కుపోవడం ఉండదు.

సాంగ్విన్‌ను అక్కడ తెరిస్తే కొన్ని సంగతులు ఒకేచోట దొరుకుతాయి. ముందుగా, భవిష్యత్తు మీద నమ్మకంతో, ఉత్సాహంగా ఉండటం అనే ఇవాళ్టి అర్థం. దాని పక్కనే 'ఫార్మల్' అనే గుర్తు. ఆ ఒక్క గుర్తు ఎంతో చెబుతుంది: ఇది రాతలో వాడే మాట, కాంటీన్‌లో అనే మాట కాదు. తర్వాత, దీని వెనక 'అబౌట్' వస్తుందని. ఫలానా విషయం అబౌట్ సాంగ్విన్ అనాలి, 'ఆన్' అనో 'ఫర్' అనో కాదు. మన తెలుగువాళ్లకు ఇంగ్లీషులో ఎక్కువ తడబాటు ఈ చిన్న మాటల దగ్గరే కాబట్టి, ఇది చూపించని డిక్షనరీతో సగం పనే అవుతుంది. ఇక ఉచ్చారణ. స్పీకర్ బొమ్మ నొక్కితే చివరన 'విన్' అని పలకడం వినిపిస్తుంది. 'వైన్' కాదు, 'గైన్' కాదు.

ఉదాహరణ వాక్యాలను మాత్రం దాటేయకండి. ఈ మాట ఎక్కువగా 'అంత సాంగ్విన్‌గా లేరు', 'ఇదివరకటంత సాంగ్విన్‌గా లేరు' అని కాదనే వాక్యాల్లో వస్తుంది. ఆ సంగతి అర్థం చెప్పే వాక్యంలో దొరకదు, నాలుగు ఉదాహరణలు వరసగా చదివినప్పుడే తెలుస్తుంది. అరుదైన మాట నిజంగా పట్టుబడేది అప్పుడే.

ఇదే కోవలో కాలిన్స్ కోబిల్డ్ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ సింక్లెయిర్ బృందం నిజంగా అచ్చయిన ఇంగ్లీషును పెద్ద ఎత్తున కంప్యూటర్లోకి ఎక్కించి, 1987లో తెచ్చిన డిక్షనరీ అది. అందులో అర్థాలు పూర్తి వాక్యాలుగా ఉంటాయి. 'మీరు ఒక విషయం గురించి సాంగ్విన్‌గా ఉన్నారంటే, అది మీరు కోరుకున్నట్టే జరుగుతుందన్న నమ్మకంతో ఉత్సాహంగా ఉన్నారని' అన్న ధోరణిలో సాగుతుంది. ఆ వాక్యంలోనే తెలిసిపోతుంది, ఇది మనుషులకు వాడే మాటని, పరిస్థితులకు కాదని. ఇందాకటి 'ఆశాజనకం' పొరపాటు ఇక్కడ జరగదు. ఇంగ్లీషంటే ఇంకా భయంగా ఉన్నవాళ్లు దీంతో మొదలుపెడితే మంచిది.

ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, కాలిన్స్ నాలుగూ నెట్‌లో డబ్బు కట్టకుండా చూడొచ్చు. ఎందుకో మన ఫోన్లలో వీటికంటే ట్రాన్స్‌లేట్ యాప్‌కే చోటు ఎక్కువ.

పెద్ద డిక్షనరీలు: మెరియం-వెబ్‌స్టర్, ఓఈడీ

మెరియం-వెబ్‌స్టర్ వంశం నోవా వెబ్‌స్టర్ 1828లో వేసిన అమెరికన్ డిక్షనరీ దగ్గర మొదలవుతుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీని అందరూ ఓఈడీ అంటారు. దాని మొదటి భాగం 1884లో వచ్చింది, పని పూర్తయ్యేసరికి 1928 అయింది. రెండో ముద్రణ 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. ఒక మాట ఏ శతాబ్దంలో ఏ అర్థంతో వాడారో, అప్పటి రాతల్లోంచి వాక్యాలు తీసి వరసగా చూపించడం దాని పని.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఓఈడీలోనూ, మెరియం-వెబ్‌స్టర్ కాలేజియేట్ పుస్తకంలోనూ అర్థాల వరస చరిత్రను బట్టి ఉంటుంది. మొదట పుట్టిన అర్థం మొదట వస్తుంది. కాబట్టి ఒకటో నంబర్ అర్థాన్ని తీసుకుని పేపర్లో వాక్యానికి తగిలిస్తే అనలిస్టులు నెత్తుటి రంగులో కనిపిస్తారు. లెర్నర్స్ డిక్షనరీల్లో ఎక్కువ వాడుకలో ఉన్న అర్థం ముందుంటుంది. డిక్షనరీ తెరిచిన వెంటనే దాని వరస ఎలాంటిదో తెలుసుకోవడం చాలా అవసరం. ముందు పేజీల్లో 'ఈ నిఘంటువును వాడే విధానం' అని రాసి ఉంటుంది గానీ, ఆ పేజీ చదివేవాళ్లు తక్కువ.

మరి ఈ పెద్దవాటి అవసరం ఎప్పుడు? పాత సాహిత్యం చదివేటప్పుడు. షేక్‌స్పియర్ నాలుగో హెన్రీ నాటకం మొదటి భాగంలో యువరాజు తన స్నేహితుడు ఫాల్‌స్టాఫ్‌ను తిడుతూ 'సాంగ్విన్ కౌవర్డ్' అంటాడు, కౌవర్డ్ అంటే పిరికివాడు. లెర్నర్స్ డిక్షనరీ అర్థం పెడితే 'ఆశావాది అయిన పిరికిపంద' అవుతుంది, ఆ తిట్టుకు పసే ఉండదు. ఇక్కడ కావలసింది పాత అర్థం. ముఖం నిండా నెత్తురు పొంగుతూ, చూస్తే ధైర్యవంతుడిలా కనిపించే ఎర్రముఖం పిరికివాడని. ఆ కాలానికి ఎర్రటి ముఖం ధైర్యానికి గుర్తు కాబట్టే తిట్టు అంత గట్టిగా తగులుతుంది. బీఏ, ఎంఏ ఇంగ్లీష్ లిటరేచర్ చదివేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కు. వాళ్లకు లెర్నర్స్ డిక్షనరీ ఒక్కటే సరిపోదు. ఓఈడీకి చందా కట్టాలి కాబట్టి, యూనివర్సిటీ లైబ్రరీకి చందా ఉందేమో కనుక్కోండి. లేకపోతే మెరియం-వెబ్‌స్టర్ సైట్ ఉచితం, చాలావరకు పని జరిగిపోతుంది.

మాటల పుట్టుక మీద ఇష్టం ఉన్నవాళ్లకు పెద్ద డిక్షనరీల్లో మన సొమ్ము కూడా కనిపిస్తుంది. బ్యాండికూట్ అని వెతకండి. అది తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని రాసి ఉంటుంది. పిట్టా అనే రంగురంగుల పక్షిజాతి పేరు కూడా మన పిట్టే.

ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీలు

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ 1852లో వచ్చింది. ఇంగ్లీషు నుడికారాలను తెలుగులో వివరించడం దాని ఉద్దేశమని పుస్తకం పేరులోనే పెట్టుకున్నాడు. తర్వాత శంకరనారాయణ డిక్షనరీ తరతరాలుగా ఇళ్లలో, బళ్లలో నడిచింది. అమెరికాలో స్థిరపడిన వేమూరి వేంకటేశ్వరరావు గారు సైన్సు మాటలకు తెలుగు వెతుకుతూ చేసిన నిఘంటువు ఇంకో రకం. వార్తలు రాసేవాళ్లకు బూదరాజు రాధాకృష్ణ గారి కృషి దారి చూపింది. ఆంధ్రభారతి సైటులో పాత నిఘంటువులు ఎన్నో ఒకే పెట్టెలో వెతుక్కోవచ్చు. ఆ సైటు కోసం పనిచేసినవాళ్లు తెలుగుకు చేసిన మేలు చిన్నది కాదు.

వీటి బలం తెలుగు మాటలు గుర్తుచేయడం. ఒక ఇంగ్లీషు మాటకు కామాలు పెట్టి ఐదారు తెలుగు మాటలు ఇస్తాయి. ఆ వరసలో మనం మరిచిపోయిన మంచి మాట ఒకటి తగలొచ్చు. బలహీనత కూడా ఆ కామాల్లోనే ఉంది. ఆ ఐదారు మాటల్లో ఏది ఎక్కడ అతుకుతుందో చెప్పరు. ఇంగ్లీషు మాట సంగతి ముందే తెలిసినవాళ్లు ఎంచుకోగలరు, తెలియనివాళ్లు మొదటి మాట తీసుకుని వెళ్లిపోతారు. పైగా 1852 నాటి పుస్తకంలో ఆ తర్వాత పుట్టిన మాట ఉండదు. తొలకరికి మట్టి నుంచి లేచే కమ్మటి వాసనకు 'పెట్రికోర్' అనే పేరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964లో పెట్టారు. దాన్ని బ్రౌన్‌లో వెతికి లాభం లేదు.

అందుకే దీన్ని ఆఖరి మెట్టు అన్నాను. లెర్నర్స్‌లో చూశాక సాంగ్విన్ అంటే మనిషికి ఉండే నమ్మకమని, కొంచెం గంభీరమైన మాటని, కాదనే వాక్యాల్లో ఎక్కువని మీకు తెలుసు. ఇప్పుడు తెలుగు మాట వెతకండి. ఆశాభావం, నిబ్బరం, భరోసా, ధీమా అన్నీ వరసగా ముందుకొస్తాయి. ఆశాభావంలో కోరిక పాలు ఎక్కువ. నిబ్బరం కష్టం వచ్చినప్పుడు తట్టుకునేది. భరోసా ఒకరు ఇంకొకరికి ఇచ్చేది. 'అమ్మకాలు పెరుగుతాయని కంపెనీ ధీమాగా ఉంది', 'అనలిస్టులకు మాత్రం అంత ధీమా లేదు' అని రాసి చూడండి. ధీమా మనిషికి చెప్పే మాట, జరగబోయేదాని మీద నమ్మకం చెప్పే మాట, 'అంత ధీమా లేదు' అని కాదనడానికి కూడా సులువుగా లొంగే మాట. పేపర్ వాడుక వరకు నేనైతే ధీమాకే ఓటేస్తాను.

ఎంచుకున్న మాటను తిరగేసి చూసుకోవడం కూడా అలవాటు చేసుకోండి. జె. పి. ఎల్. గ్విన్ తెలుగు-ఇంగ్లీష్ డిక్షనరీ 1991లో వచ్చింది, షికాగో యూనివర్సిటీ వాళ్ల దక్షిణాసియా నిఘంటువుల సైటులో ఉచితంగా దొరుకుతుంది. అందులో మీరు అనుకున్న తెలుగు మాట తెరిచి, ఇంగ్లీషులో ఏమని చెప్పారో చదవండి. బయల్దేరిన మాటకు దరిదాపుల్లో లేకపోతే వేరే మాట వెతుక్కోవాలి.

చాట్‌బాట్లు

వివరంగా అడగొచ్చు, తెలుగులో అడగొచ్చు, 'ఆప్టిమిస్టిక్‌కు దీనికి తేడా ఏంటి' అని ఎదురు ప్రశ్న వేయొచ్చు. ఆ సౌకర్యం ఏ డిక్షనరీలోనూ లేదు. కానీ మాట పుట్టుక గురించి, పాత రచయితల వాక్యాల గురించి లేనివి కల్పించి నమ్మకంగా చెప్పే అవకాశం ఉంది. తేడాలు అర్థం చేసుకోవడానికి వాడండి, సాక్ష్యం కోసం డిక్షనరీ దగ్గరికే వెళ్లండి.

ఎవరికి ఏది

జీఆర్ఈకి చదివేవాళ్లు మన రాష్ట్రాల్లో చాలామంది. 2011లో పరీక్ష మారినప్పుడు విడి మాటలకు వ్యతిరేక పదాలు అడగడం తీసేశారు. ఇప్పుడు అడిగేదంతా వాక్యంలోనే. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు మాటలిచ్చి, ఒకే అర్థం వచ్చే రెండు ఎంచుకోమంటారు. అయినా చాలామంది ఇప్పటికీ మాట పక్కన ఒక్క అర్థం ఉన్న లిస్టులే బట్టీ పడుతున్నారు. ఆ టెన్షన్ ఎందుకు? లిస్టులో మాట తీసుకుని, లెర్నర్స్ డిక్షనరీలో ఉదాహరణలు చదవండి. 'సాంగ్వినరీ' అనే ఇంకో మాట ఉంది. దాని అర్థం రక్తపాతంతో నిండినది, రక్తదాహం కలది. లిస్టులో పక్కపక్కనే ఉండే ఈ రెండింటినీ వేరు చేసి గుర్తుంచేది వాక్యాలే.

హైస్కూల్ పిల్లలకు అచ్చు పుస్తకం కొనాలనుకుంటే, జేబులో పట్టే చిన్న ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ మాత్రం కొనకండి. ఒక మాటకు ఒక మాట ఇచ్చి ఊరుకుంటుంది. కొంచెం బరువైనా ఉదాహరణలున్నది కొనండి. ఇంగ్లీషు అర్థం, తెలుగు అర్థం రెండూ ఒకేచోట ఇచ్చే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్-ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ ఆ వయసుకు బాగా సరిపోతుంది. అనువాదకులకు, పత్రికల్లో పనిచేసేవాళ్లకు లెర్నర్స్, ఆంధ్రభారతి, గ్విన్ మూడూ పక్కపక్కన ట్యాబుల్లో తెరిచి ఉంచుకోవడం తప్పదు.

ఆఫీసులో ఈమెయిళ్లు రాసేవాళ్లకు వేరే సలహా. అర్థం తెలిసింది కదా అని 'రిలీజ్ గురించి సాంగ్విన్‌గా ఉన్నాను' అని రాసేయకండి. అక్కడ కాన్ఫిడెంట్ అనో, ఆప్టిమిస్టిక్ అనో రాస్తే అవతలివాళ్లు ఆగకుండా చదువుకుంటారు. సాంగ్విన్‌లో 'వీళ్లు కాస్త ఎక్కువే నమ్ముతున్నారేమో' అన్న ఛాయ కూడా ఒక్కోసారి ఉంటుంది కాబట్టి, సొంత ప్రాజెక్టు గురించి చెప్పుకోవడానికి మంచి మాట కాదు. వ్యాసం రాస్తున్నప్పుడు, ఇంకొకరి నమ్మకాన్ని దూరంగా నిలబడి బేరీజు వేస్తున్నప్పుడు వాడండి, అప్పుడు చక్కగా కుదురుతుంది.